బైబిలు నైతికత – కాలపరీక్ష: పందొమ్మిదవ శతాబ్ది అమెరికా బానిసత్వ వివాదం ఆధారంగా ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:

ప్రాచీన మతగ్రంథాల్లోని నీతి ఆధునిక కాలానికి ప్రమాణంగా నిలుస్తుందా అన్న ప్రశ్నకు సాధారణంగా విశ్వాసం ఒక సమాధానాన్నీ, హేతువాదం మరొక సమాధానాన్నీ ఇస్తాయి. చరిత్రలో ఈ ప్రశ్న నిజంగా పరీక్షకు నిలిచిన సందర్భాలను పరిశీలిస్తే ఆ రెండు సమాధానాలూ అసంపూర్ణమని తెలుస్తుంది. పందొమ్మిదవ శతాబ్ది అమెరికాలో బానిసత్వంపై జరిగిన బైబిలు చర్చ అటువంటి సందర్భాల్లో ముఖ్యమైనది. ఒకే గ్రంథాన్ని ఒకే భాషలో, ఒకే సంప్రదాయంలో చదివినవారు పరస్పర విరుద్ధమైన నిర్ణయాలకు వచ్చారు. ఆ చర్చలోని ప్రధాన వాదాలనూ, బానిసలు తామే చేసిన గ్రంథపఠనాన్నీ, ఆ వివాదం తెలుగునేలపై ప్రొటెస్టెంటు మిషన్ చరిత్రతో ముడిపడిన తీరునూ పరిశీలించి, గ్రంథప్రామాణ్యానికీ నైతిక ప్రగతికీ మధ్య ఉన్న సంబంధాన్ని నిర్ధారించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: బైబిలు, నైతికత, బానిసత్వం, గ్రంథప్రామాణ్యం, వ్యాఖ్యానం, కలివర్జ్యం, తెలుగు బాప్టిస్టు మిషన్.

1. ఉపోద్ఘాతం

1865 మార్చి 4న అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ తన రెండవ పదవీ స్వీకార ప్రసంగంలో ఒక విషాదాన్ని గుర్తు చేశాడు. యుద్ధం చేస్తున్న ఇరుపక్షాలూ చదివేది ఒకే బైబిలు, ప్రార్థించేది ఒకే దేవుణ్ణి అన్నది ఆ మాటల సారాంశం. అప్పటికి నాలుగేళ్ళుగా అంతర్యుద్ధం సాగుతోంది. 1860 జనగణన ప్రకారం ఆ దేశంలో బానిసల సంఖ్య సుమారు 39.5 లక్షలు. వారిని బానిసలుగా ఉంచడం పాపమా కాదా అన్న ప్రశ్నపై అంతకు ముందు మూడు దశాబ్దాలుగా వేదికలపైనా పత్రికల్లోనూ ఎడతెగని శాస్త్రచర్చ జరిగింది. ఆ చర్చకు ఉభయపక్షాలూ అంగీకరించిన న్యాయస్థానం బైబిలే.

బైబిలు నైతికత నేటికీ చెల్లుతుందా అన్న ప్రశ్నను సిద్ధాంతరూపంలో చర్చించడం సులభం. అయితే నీతి విలువ తేలేది ఆచరణలో, అందునా ఒకరి ప్రయోజనం మరొకరి జీవితంతో ఢీకొన్నచోట. అందుచేత ఈ వ్యాసం ఆ ప్రశ్నను ఒక నిర్దిష్ట చారిత్రక వివాదానికి పరిమితం చేస్తుంది. గ్రంథం ఏమి చెప్పింది, దానిని ఎవరు ఎలా చదివారు, చివరికి నిర్ణయాన్ని ఏది శాసించింది అన్న మూడు ప్రశ్నలు ఇందులో క్రమంగా పరిశీలనకు వస్తాయి.

2. గ్రంథంలో బానిసత్వం: విధులు, పరిమితులు

బైబిలులో బానిసత్వాన్ని గురించిన వాక్యాలు ఒకే స్వరంలో లేవు. నిర్గమకాండము 21వ అధ్యాయం ప్రకారం హెబ్రీయుడైన దాసుడు ఆరేళ్ళు సేవ చేసి ఏడవ యేట విడుదల పొందాలి. కాని యజమాని అతనికి భార్యను ఇచ్చి ఉంటే, ఆమె, ఆమె పిల్లలు యజమానికే చెందుతారు. అదే అధ్యాయంలో యజమాని దెబ్బవల్ల దాసుని కన్ను లేదా పన్ను పోతే అతణ్ణి స్వతంత్రునిగా పంపివేయాలన్న నియమం ఉంది. దెబ్బలు తిన్న దాసుడు వెంటనే చనిపోక ఒకటి రెండు రోజులు బ్రతికితే యజమానికి శిక్ష లేదన్న నియమమూ ఉంది. దాసుడు అతని సొమ్ము కావడమే అందుకు చెప్పిన కారణం. లేవీయకాండము 25వ అధ్యాయం పరదేశీయులను కొని, సంతానానికి వారసత్వంగా ఇవ్వడానికి అనుమతిస్తుంది.

దీనికి ఎదురుగా నిలిచే విధులూ తక్కువేమీ కావు. మనిషిని దొంగిలించి అమ్మినవానికి నిర్గమకాండము మరణశిక్ష విధిస్తుంది. యజమాని నుండి పారిపోయి వచ్చిన దాసుణ్ణి తిరిగి అప్పగించరాదని ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. ఐగుప్తులో తాము దాసులుగా ఉన్న సంగతిని మరువవద్దని ఇశ్రాయేలీయులకు పదేపదే హెచ్చరిక కనిపిస్తుంది.

కొత్త నిబంధనలోనూ ఇదే ద్వంద్వం. ఎఫెసీయులకు, కొలొస్సయులకు, తీతుకు రాసిన లేఖలూ, పేతురు మొదటి లేఖా దాసులు యజమానులకు లోబడాలని బోధిస్తాయి. గలతీయులకు రాసిన లేఖ మాత్రం క్రీస్తునందు దాసుడు, స్వతంత్రుడు అన్న భేదమే లేదంటుంది. పారిపోయిన ఒనేసిమును యజమానియైన ఫిలేమోను వద్దకు తిరిగి పంపుతూ పౌలు రాసిన చిన్న లేఖ, అతణ్ణి దాసునిగా కాక ప్రియ సహోదరునిగా చేర్చుకొమ్మని కోరుతుంది. అయితే విడుదల చేయమన్న మాట అందులో స్పష్టంగా లేదు. కొరింథీయులకు రాసిన మొదటి లేఖ 7వ అధ్యాయంలో విడుదలకు అవకాశం ఉన్న దాసుడు ఏమి చేయాలో చెప్పే వాక్యానికి గ్రీకులో కర్మపదం లోపించింది. ‘స్వాతంత్ర్యాన్ని వినియోగించుకో’ అనీ, ‘దాస్యాన్నే వినియోగించుకో’ అనీ రెండు విధాలుగా అన్వయించే వీలు ఉంది. వ్యాకరణంలోని ఒక ఖాళీ మనుషుల విముక్తికి సంబంధించిన వివాదంగా మారడం ఈ చర్చ స్వభావాన్ని తెలుపుతుంది.

అనువాదమూ ఈ సమస్యను ప్రభావితం చేసింది. హెబ్రీ ‘ఎబెద్’, గ్రీకు ‘దౌలోస్’ పదాలకు ఆంగ్లంలో ప్రచారంలో ఉన్న జేమ్స్ రాజు అనువాదం ఎక్కువచోట్ల సేవకుడు అన్న అర్థమిచ్చే పదాన్నే వాడింది. అది కొనుగోలు చేసిన బానిసా, కూలికి పనిచేసే పరిచారకుడా అన్న దానిపై పండితులు పుటలకొద్దీ వాదించారు. తెలుగు బైబిలులోని ‘దాసుడు’ మరొక సమస్యను తెచ్చిపెడుతుంది. దాస్యభక్తి సంప్రదాయంలో ఆ పదానికి ఉన్న గౌరవం వల్ల, అమ్మకానికి, వారసత్వానికి లోబడిన మనిషి అన్న కఠినార్థం తెలుగు పాఠకునికి వెంటనే స్ఫురించదు. ‘బానిస’ అన్న మాట పెట్టి చదివితే అదే వాక్యం వేరే బరువుతో వినిపిస్తుంది.

3. సమర్థకుల వాదం

అమెరికా దక్షిణ రాష్ట్రాల మతాచార్యులు బానిసత్వాన్ని సమర్థించడానికి బైబిలును ఆశ్రయించిన తీరును కేవలం కపటంగా కొట్టివేయడం చారిత్రక దృష్టి కాదు. వారి వాదానికి ఒక తర్కశుద్ధి ఉంది. వర్జీనియాకు చెందిన బాప్టిస్టు బోధకుడు థార్న్‌టన్ స్ట్రింగ్‌ఫెలో 1841లో ప్రకటించిన రచనలో వాదాన్ని మెట్లుమెట్లుగా నిర్మించాడు. పితరుల కాలంలో అబ్రాహాముకు దాసులు ఉన్నారు; పారిపోయిన హాగరును దేవదూతే యజమానురాలి వద్దకు తిరిగి వెళ్ళమన్నాడు. మోషే ధర్మశాస్త్రం బానిసత్వాన్ని చట్టంగా గుర్తించింది. యేసు దానిని ఖండించలేదు. అపొస్తలులు దాసులకు విధేయతను బోధించారు. దేవుడు అనుమతించినదాన్ని మనిషి పాపమనడం దేవునికంటే తానే నీతిమంతుణ్ణని చెప్పుకోవడం కాదా అన్నది ఈ వాదం వెనుకనున్న ప్రశ్న. 1822లో చార్లెస్టన్‌లో డెన్మార్క్ వెసీ తిరుగుబాటు పథకం బయటపడిన తర్వాత, దక్షిణ కరోలినా బాప్టిస్టుల పక్షాన రిచర్డ్ ఫర్మన్ ఆ రాష్ట్ర గవర్నరుకు సమర్పించిన నివేదనలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది.

ప్రజాబాహుళ్యంలో ఇంతకంటె ప్రచారం పొందినది ‘హాము శాపం’. ఆదికాండము 9వ అధ్యాయంలో నోవహు శపించినది హామును కాదు, అతని కుమారుడైన కనానును. అక్కడ చర్మవర్ణ ప్రసక్తి లేదు. అయినా ఆఫ్రికా ప్రజలందరూ హాము సంతతి అనీ, దాస్యం వారికి పుట్టుకతో వచ్చిన శాపమనీ అన్న వ్యాఖ్యానం తరతరాలుగా స్థిరపడింది. మిగిలిన వాదాలకు గ్రంథంలో కొంత ఆధారం ఉన్నది. దీనికి మాత్రం గ్రంథం వెలుపలి జాతిద్వేషమే ఆధారం.

సమర్థకుల వాదంలోని బలహీనత కూడా ఇక్కడే ఉంది. వారు గ్రంథంలోని అనుమతిని స్వీకరించారు కాని దానితో జతచేసిన పరిమితులను స్వీకరించలేదు. 1662లో వర్జీనియా చట్టం బిడ్డ స్థితి తల్లి స్థితిని అనుసరిస్తుందని నిర్ణయించింది. 1667 నాటి మరొక చట్టం బాప్తిస్మం పొందినంత మాత్రాన బానిసకు విడుదల లభించదని ప్రకటించింది. బానిసల వివాహాలకు చట్టపరమైన గుర్తింపు లేదు. ఏడవ యేటి విడుదల లేదు. పారిపోయినవారికి ఆశ్రయమివ్వమన్న ఆజ్ఞ అమలు కాలేదు సరికదా, 1850 నాటి పలాయిత బానిసల చట్టం వారిని పట్టి అప్పగించడాన్ని పౌరుల బాధ్యతగా మార్చింది. న్యూయార్కులో 1861 జనవరి 4న రబ్బీ మోరిస్ రాఫల్ చేసిన ప్రసంగం ఈ వైరుద్ధ్యాన్ని విచిత్రంగా బయటపెట్టింది. బానిసత్వాన్ని పాపమనడానికి బైబిలులో ఆధారం లేదన్న ఆయనే, హెబ్రీ ధర్మశాస్త్రం దాసుణ్ణి మనిషిగా చూస్తే దక్షిణ రాష్ట్రాల చట్టం వస్తువుగా చూస్తోందని అంగీకరించాడు. బాల్టిమోరులోని రబ్బీ డేవిడ్ ఐన్‌హార్న్ ఆ ప్రసంగాన్ని తీవ్రంగా ఖండించి, కొద్దినెలల్లోనే అల్లరిమూకల భయంతో ఆ నగరాన్ని విడిచిపోవలసి వచ్చింది.

4. వ్యతిరేకుల మార్గాలు

బానిసత్వ వ్యతిరేకులు బైబిలును ఎదుర్కొన్న తీరులో మూడు మార్గాలు కనిపిస్తాయి.

మొదటిది అక్షరమార్గం. థియొడోర్ డ్వైట్ వెల్డ్ 1837లో ప్రకటించిన గ్రంథంలో హెబ్రీ దాస్యం స్వచ్ఛంద సేవతో సమానమనీ, అమెరికా బానిసత్వానికి మూలం మనుషుల దొంగతనమనీ, దానికి మోషే ధర్మశాస్త్రం విధించినది మరణశిక్ష అనీ వాదించాడు. ఇందులో రెండవ భాగం బలమైనది. మొదటి భాగం లేవీయకాండము ముందు నిలబడడం కష్టం.

రెండవది తాత్పర్యమార్గం. ఫిలడెల్ఫియాకు చెందిన ప్రెస్బిటేరియన్ పండితుడు ఆల్బర్ట్ బార్న్స్ 1846లో, బ్రౌన్ విశ్వవిద్యాలయాధ్యక్షుడు ఫ్రాన్సిస్ వేలాండ్ అంతకు కొద్ది ముందుగా, ఈ మార్గాన్ని అనుసరించారు. వాక్యాలు వేరు, వాటి వెనుకనున్న సూత్రం వేరు. ఇతరులు తమకు ఏమి చేయాలని కోరుకుంటారో అదే ఇతరులకు చేయమన్న సూత్రాన్ని పాటించే సమాజంలో బానిసత్వం కాలక్రమాన నిలవదని వారి వాదం. దీనికి మత్తయి సువార్త 19వ అధ్యాయం అండగా నిలిచింది. విడాకులను మోషే అనుమతించినది ప్రజల హృదయకాఠిన్యాన్ని బట్టి మాత్రమేననీ, ఆది నుండి అలా లేదనీ యేసు అక్కడ వివరిస్తాడు. గ్రంథంలో అనుమతి ఉండడం వేరు, ఆమోదం ఉండడం వేరు అన్న భేదం గ్రంథంలోనే ఉందని దీనితో తేలింది.

మూడవది తిరస్కార మార్గం. 1831 నుండి ‘లిబరేటర్’ పత్రికను నడిపిన విలియం లాయిడ్ గారిసన్ క్రమంగా ఈ నిర్ణయానికి చేరుకున్నాడు. బానిసత్వం తప్పన్నది స్వతస్సిద్ధమైన సత్యం. ఏ గ్రంథమైనా దానిని సమర్థిస్తే ఆ మేరకు గ్రంథమే తప్పు. ఈ వైఖరికి నిజాయితీ ఉంది. కాని బైబిలును దైవవాక్కుగా నమ్మే లక్షలాదిమంది మధ్య ఇది ప్రతిపక్షానికే ఆయుధమైంది. బానిసత్వాన్ని వ్యతిరేకించడమంటే బైబిలును వదులుకోవడమేనని సమర్థకులు ప్రచారం చేయగలిగారు.

5. వేలాండ్–ఫుల్లర్ సంవాదం: సంఘం చీలిక

ఈ చర్చలో మర్యాదకూ లోతుకూ పేరుపొందినది వేలాండ్‌కు, దక్షిణ కరోలినాకు చెందిన బోధకుడు రిచర్డ్ ఫుల్లర్‌కు మధ్య నడిచిన లేఖాసంవాదం. ఇది 1845లో పుస్తకంగా వెలువడింది. ఇద్దరూ బాప్టిస్టులే, ఇద్దరికీ గ్రంథమే పరమప్రమాణం. అపొస్తలులు సూత్రాన్ని బోధించి, దాని ఫలితాన్ని కాలానికి వదిలారని వేలాండ్ వాదించాడు. దానికి ఫుల్లర్ వేసిన ప్రశ్న సూటిగా ఉంది. విగ్రహారాధన వంటి వ్యవహారాల్లో ప్రాణాలకు తెగించి మాట్లాడిన అపొస్తలులు, బానిసత్వం పాపమే అయితే దానిని గురించి మాత్రం ఎందుకు మౌనం వహించారు? బానిస యజమానులను సంఘంలో ఎందుకు చేర్చుకున్నారు?

గ్రంథపాఠం వరకే పరిమితమై చూస్తే ఫుల్లర్ ప్రశ్నకు పూర్తి సమాధానం దొరకదు. అపొస్తలుల మౌనం నిజం. వేలాండ్ ఆ మౌనానికి కారణం చెప్పగలిగాడు గాని అది మౌనం కాదని చెప్పలేకపోయాడు. ఇక్కడే బైబిలు నైతికతకు సంబంధించిన మౌలిక సమస్య బయటపడుతుంది. వేలాండ్ చేసిన తీర్పు సరైనది. కాని ఆ తీర్పుకు అవసరమైన వెలుగు కొంత గ్రంథం నుండీ, కొంత గ్రంథం వెలుపలి మనస్సాక్షి నుండీ, మానవహక్కుల భావన నుండీ వచ్చింది.

మాటల్లో మర్యాద నిలిచినా సంఘం నిలవలేదు. 1844లో మెథడిస్టులు బానిస యజమానియైన బిషప్ జేమ్స్ ఆండ్రూ విషయమై చీలిపోయారు. బాప్టిస్టులలో బానిస యజమానిని మిషనరీగా నియమిస్తారా అని అలబామా సంఘాలు సూటిగా అడిగాయి. బానిసత్వాన్ని ఆమోదించినట్లు కనిపించే ఏ ఏర్పాటులోనూ పాలుపంచుకోలేమని విదేశీ మిషన్ బోర్డు జవాబిచ్చింది. ఫలితంగా 1845 మేలో జార్జియా రాష్ట్రంలోని అగస్టాలో దక్షిణ బాప్టిస్టు సమాఖ్య ఏర్పడింది. ఆ సమాఖ్యే 150 ఏళ్ళ తర్వాత, 1995 జూన్‌లో, బానిసత్వాన్ని సమర్థించినందుకు క్షమాపణ కోరుతూ తీర్మానం చేసింది. గ్రంథం మారలేదు, సంఘమూ అదే. మారినది చదువరి నిలబడిన చోటు.

6. బానిసల పఠనం

పై చర్చలో వాదించినవారిలో ఎక్కువమంది స్వతంత్రులు. గ్రంథం ఎవరి జీవితాన్ని నిర్ణయిస్తోందో వారు దానిని ఎలా చదివారన్నది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న. 1807లో లండనులో బ్రిటిష్ వెస్టిండీస్ బానిసల కోసం అచ్చయిన సంక్షిప్త బైబిలు ఈ ప్రశ్నకు పరోక్షసాక్ష్యం. అందులో పాత నిబంధనలో దాదాపు 90 శాతం, కొత్త నిబంధనలో సగం కనిపించవు. యోసేపు కథ ఉంది. మోషే నాయకత్వంలో ఐగుప్తు నుండి విడుదలైన కథ లేదు. విధేయతను బోధించే వాక్యాలు ఉన్నాయి. దాసుడు, స్వతంత్రుడు అన్న భేదం లేదన్న వాక్యం లేదు. బైబిలు బానిసత్వానికి నిస్సందేహంగా అనుకూలమని నమ్మేవారికి దానిని కత్తిరించవలసిన అవసరం ఉండదు. పూర్తి గ్రంథం బానిస చేతికి చిక్కితే ఏమవుతుందో ఆ కత్తిరింపు చేసినవారికి తెలుసు. 1831లో వర్జీనియాలో నాట్ టర్నర్ తిరుగుబాటు తర్వాత పలు దక్షిణ రాష్ట్రాలు బానిసలకు చదువు నేర్పడాన్ని మరింత కఠినంగా నిషేధించడం వెనుకా ఇదే భయం ఉంది.

జార్జియాలో బానిసలకు బోధించిన చార్లెస్ కాల్కాక్ జోన్స్ తన అనుభవాన్ని తానే నమోదు చేశాడు. ఫిలేమోను లేఖను ఆధారం చేసుకొని, పారిపోవడం తప్పని ఆయన ప్రసంగించగా, శ్రోతల్లో సగంమంది లేచి వెళ్ళిపోయారు. మిగిలినవారిలో కొందరు అటువంటి లేఖ బైబిలులో లేనేలేదన్నారు. చదువు రానివారు పాఠాన్ని తిరస్కరించడం అజ్ఞానంగా కనిపించవచ్చు. నిజానికి అది ఒక వ్యాఖ్యానసూత్రం. దేవుడు న్యాయవంతుడన్నది వారికి మొదటి ప్రమాణం. దానికి విరుద్ధంగా వినిపించినది దైవవాక్కు కాజాలదు.

ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో వెలువరించిన ఆత్మకథ అనుబంధంలో ఈ సూత్రానికి శాస్త్రీయరూపం ఇచ్చాడు. అమెరికాలో ఆచరణలో ఉన్న క్రైస్తవానికీ, క్రీస్తు క్రైస్తవానికీ మధ్య ఉన్న దూరం ఎంతటిదంటే, ఒకదాన్ని స్వీకరించినవాడు మరొకదాన్ని తిరస్కరించక తప్పదని అతని వాదన సారం. అతణ్ణి ఎక్కువ క్రూరంగా హింసించినది మతాభినివేశం గల యజమానులే అన్న అనుభవం ఆ వాదానికి పునాది.

ఈ పఠనసంప్రదాయం ఇరవయ్యవ శతాబ్దిలో హావర్డ్ థర్మన్ రచనలో కొనసాగింది. బానిసగా పుట్టిన అతని నాయనమ్మ వంటి పెద్దతరం స్త్రీ, అతని అమ్మమ్మ, తనకు బైబిలు చదివి వినిపించమని మనుమణ్ణి అడిగేది గాని, ప్రేమను వర్ణించే ఒక్క అధ్యాయం తప్ప పౌలు లేఖలను చదవనిచ్చేది కాదు. యజమాని తెచ్చిన బోధకుడు పౌలు పేరుతో విధేయతనే బోధించేవాడనీ, స్వేచ్ఛ లభిస్తే ఆ భాగాన్ని ఎన్నటికీ చదవనని ఒట్టు పెట్టుకున్నాననీ ఆమె చెప్పిన కారణాన్ని థర్మన్ 1949 నాటి గ్రంథంలో నమోదు చేశాడు. అదే గ్రంథం 1935లో కొలంబోలో అతనికి ఎదురైన ప్రశ్నతో మొదలవుతుంది. క్రైస్తవుల ఓడల్లో బానిసలుగా తరలిపోయినవారి సంతతివై ఉండి, ఆ మతం పక్షాన ఇక్కడికి ఎలా వచ్చావన్నది ఆ ప్రశ్న. ఆ యాత్రలోనే 1936లో అతడు గాంధీని కలుసుకున్నాడు.

7. తెలుగునేలతో సంబంధం

అమెరికా బాప్టిస్టుల చీలిక తెలుగువారికి దూరపు సంగతి కాదు. 1836లో తెలుగుప్రాంతంలో పని ప్రారంభించిన శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. 1845 చీలిక తర్వాత ఆ మిషన్ ఉత్తరాది వారి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ యూనియన్ చేతికి వచ్చింది. బానిస యజమానిని మిషనరీగా పంపబోమన్న సంస్థ ఇక్కడ కులమనే వేరొక పుట్టుక వ్యవస్థను ఎదుర్కొంది.

1866లో ఒంగోలుకు వచ్చిన జాన్ ఎవరెట్ క్లౌ ముందు ఆ ప్రశ్న తీవ్రరూపంలో నిలిచింది. యర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగలు సంఘంలో చేరుతుండగా, వారిని చేర్చుకుంటే తాము దూరమవుతామని అగ్రవర్ణాలవారు హెచ్చరించారు. క్లౌ దొర జ్ఞాపకాల ప్రకారం, ఆయనా ఆయన భార్యా విడివిడిగా బైబిలు తెరవగా ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి లేఖ మొదటి అధ్యాయంలోని ఒకే భాగం ఎదురైంది. లోకం నీచులుగా ఎంచినవారినే దేవుడు ఎన్నుకున్నాడన్నది దాని తాత్పర్యం. నిర్ణయం మాదిగల పక్షాన జరిగింది. 1876–78 కరవు తర్వాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో ఒకేరోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. అమెరికాలో బానిసలకు లోబడమని బోధించడానికి పౌలు లేఖలే ఆధారమయ్యాయి. ఒంగోలులో అణగారినవారికి తలుపు తెరవడానికీ పౌలు లేఖే ఆధారమైంది. ఏ వాక్యం ముందుకు వస్తుందన్నది గ్రంథం ఒక్కటే నిర్ణయించదు. తలుపు దగ్గర ఎవరు నిలబడి ఉన్నారన్నదీ నిర్ణయిస్తుంది. అయితే సంఘప్రవేశంతో కులం అంతరించలేదన్నదీ చారిత్రక సత్యమే. వాక్యం తలుపు తెరిచింది గాని ఇంటిని పూర్తిగా మార్చలేదు.

8. భారతీయ ప్రామాణ్యచర్చతో పోలిక

ఈ సమస్య బైబిలుకు ప్రత్యేకం కాదు. 1855లో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు పరాశరస్మృతి ఆధారంగా వితంతు పునర్వివాహాన్ని శాస్త్రసమ్మతంగా నిరూపించాడు. తెలుగునాట కందుకూరి వీరేశలింగం అదే మార్గంలో పండితులతో వాదించి, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించాడు. ఇది బార్న్స్, వేలాండ్‌ల మార్గానికి దగ్గరిది: గ్రంథం లోపలి నుండే గ్రంథాచారాన్ని సంస్కరించడం. 1927 డిసెంబరు 25న మహద్‌లో మనుస్మృతిని దహనం చేయించిన అంబేద్కర్, 1936 నాటి ‘కులనిర్మూలన’లో శాస్త్రాలకు కొత్త అర్థాలు చెప్పడం చాలదనీ, వాటి పవిత్రతపై నమ్మకాన్నే తొలగించాలనీ వాదించాడు. ఇది గారిసన్ మార్గాన్ని గుర్తుకు తెస్తుంది. ఒక భేదం ముఖ్యం. గారిసన్ బానిసల పక్షాన మాట్లాడిన స్వతంత్రుడు. అంబేద్కర్ శాస్త్రం వల్ల స్వయంగా గాయపడినవాడు.

ధర్మశాస్త్ర సంప్రదాయంలోని ‘కలివర్జ్య’ భావన ఈ సందర్భంలో ప్రత్యేకంగా ఉపకరిస్తుంది. నియోగం వంటి ఆచారాలు పూర్వయుగాల్లో విహితమే అయినా కలియుగంలో వర్జ్యాలని నిబంధకారులు నిర్ణయించారు. గ్రంథం తప్పనకుండానే ఆచారాన్ని ఉపసంహరించే ఉపాయమిది. మత్తయి సువార్తలోని హృదయకాఠిన్య వాదం చేసే పనీ ఇదే. కాని రెండింటి దిశలు వేరు. కలివర్జ్యం మనిషి దిగజారాడు కనుక పాత అనుమతి పనికిరాదంటుంది. సువార్తవాదం మనిషి మొదట దిగజారి ఉన్నాడు కనుకనే ఆ అనుమతి వచ్చిందంటుంది. రెండు సంప్రదాయాలూ తమ గ్రంథాల్లోని కొన్ని విధులకు కాలపరిమితి ఉందని అంగీకరించాయి. నైతికతకు కాలస్పృహ ఆధునికుల కల్పన అన్న అభిప్రాయం దీనితో నిలవదు.

9. ముగింపు

అమెరికాలో ఈ శాస్త్రచర్చను శాస్త్రం ముగించలేదు. చరిత్రకారుడు మార్క్ నోల్ 2006 నాటి గ్రంథంలో విశ్లేషించినట్లు, బైబిలు వ్యాఖ్యానం పరిష్కరించలేని సంక్షోభాన్ని యుద్ధం పరిష్కరించింది. 1865 డిసెంబరులో 13వ రాజ్యాంగ సవరణ ఆమోదం పొందేనాటికి లక్షలాది ప్రాణాలు పోయాయి. ఒకే ప్రమాణాన్ని అంగీకరించినంత మాత్రాన ఒకే నిర్ణయానికి రాగలమన్న విశ్వాసానికి చరిత్ర చెప్పిన జవాబు ఇది.

పై పరిశీలన నుండి తేలిన అంశాలు ఇవి:

• విధుల సంపుటిగా చూసినపుడు బైబిలు నైతికత అంతా నేటికి చెల్లదు. బానిసత్వాన్ని అనుమతించిన వాక్యాలు గ్రంథంలో ఉన్నాయి. వాటిని లేవనడం పాఠానికి అన్యాయం.

• ఆ అనుమతిని ప్రశ్నించే స్వరమూ గ్రంథంలోనే ఉంది. విముక్తి కథ, పలాయితునికి ఆశ్రయం, సమత్వ ప్రకటన ఆధునికులు బయటి నుండి తెచ్చి చేర్చినవి కావు.

• ఈ రెండు స్వరాల్లో దేనిని ప్రధానంగా గ్రహించాలన్న నిర్ణయం గ్రంథపఠనం ఒక్కదానితో రాదు. దానికి బాధితుని అనుభవం, మనస్సాక్షి, చట్టం, చరిత్ర తోడుకావాలి.

• గ్రంథాన్ని అందరికంటె నిశితంగా పరీక్షించినవారు దానివల్ల బాధపడినవారే. అక్షరజ్ఞానం లేని శ్రోతల తిరస్కారం, డగ్లస్ విమర్శ, థర్మన్ అమ్మమ్మ మౌనప్రతిజ్ఞ వ్యాఖ్యానచరిత్రలో పండితగ్రంథాలతో సమానస్థానం పొందదగినవి.

స్త్రీల హక్కులు, విడాకులు, స్వలింగ సంబంధాలు మొదలైన విషయాల్లో నేడు జరుగుతున్న చర్చల్లోనూ అవే అక్షర, తాత్పర్య, తిరస్కార మార్గాలు పునరావృతమవుతున్నాయి. ఆ విషయాలన్నింటికీ బానిసత్వ వివాదం ఒకే తీర్పు ఇవ్వదు. కాని ఒక పరీక్షను మాత్రం మిగిల్చింది. ఒక వాక్యాన్ని నీతిగా ప్రకటించే ముందు, ఆ వాక్యం బరువు మోయవలసినవారు దానిని ఎలా వింటున్నారో తెలుసుకోవాలి. జోన్స్ ప్రసంగం మధ్యలో లేచి వెళ్ళిపోయినవారి వైపు నుండి చూసినపుడే ఏ ప్రాచీనగ్రంథ నైతికతకైనా నిజమైన కాలపరీక్ష జరుగుతుంది.